సభ్యత్వం రెన్యువల్ చేసే ముందు: స్కౌట్స్, గైడ్స్ పిల్లల తల్లిదండ్రులకు



ప్రతి ఏడాదీ రెన్యువల్ రోజుల్లో నాకు వచ్చే ఫోన్లలో చాలావరకు ఒకే ప్రశ్నతో మొదలవుతాయి. “సార్, పోయినేడాదే కట్టాం కదా! యూనిఫాం, స్కార్ఫ్ కూడా అప్పుడే కొన్నాం. మళ్లీ రిజిస్ట్రేషన్ ఏమిటి?” అడగవలసిన ప్రశ్నే. ఫీజులు కట్టేవారికి దేనికి కడుతున్నామో తెలియాలి. అందుకే ఈ నెల పేజీని భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ వార్షిక సభ్యత్వానికి, దాన్ని ఆన్‌లైన్‌లో రెన్యువల్ చేసుకోవడానికి కేటాయిస్తున్నాం. మీ పిల్లలు స్కౌట్స్‌లో లేకపోయినా, పేరు, ఆధార్, చెల్లింపుల గురించి కింద రాసినవి ఒకసారి చదవండి. పిల్లల పేరుతో నింపే ప్రతి ఆన్‌లైన్ ఫారానికీ అవి పనికొస్తాయి.

సమాధానం చిన్నదే. స్కౌట్‌గా చేరడం ఒక్కసారి. మూడు వేళ్లు ఎత్తి చేసిన ప్రతిజ్ఞకు గడువు లేదు. సభ్యత్వానికి మాత్రం గడువు ఉంది, అది ఒక ఏడాది. రెన్యువల్ చేయకపోతే మీ అబ్బాయి శనివారం మైదానానికి వస్తాడు, ముడులు వేస్తాడు, టెంట్ కడతాడు. కానీ సంస్థ జాబితాలో అతని పేరు ఉండదు.

ఎవరి జాబితా ఇది?

స్కౌటింగ్ 1907లో ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో బేడెన్ పావెల్ కొద్దిమంది అబ్బాయిలతో పెట్టిన క్యాంపుతో మొదలైంది. 1909కల్లా బెంగళూరుకు వచ్చింది కానీ మొదట యూరోపియన్, ఆంగ్లో ఇండియన్ పిల్లలకే. మన పిల్లల కోసం మద్రాసులో అనీ బిసెంట్, ఉత్తరాదిలో మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ విడిగా సంఘాలు పెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక వేర్వేరు సంఘాలు కలిసి 1950 నవంబర్ 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌గా ఏర్పడ్డాయి. 1951 ఆగస్టు 15న ఆడపిల్లల గైడ్స్ సంఘమూ అందులో చేరింది. ఏటా నవంబర్ 7న మీ పిల్లలు జేబుకు అంటించుకుని వచ్చే చిన్న జెండా స్టిక్కర్ వెనక ఉన్న కథ ఇదే.

ఇంచుమించు ఇలాంటి పేర్లతోనే మరికొన్ని సంస్థలు కూడా దేశంలో ఉన్నాయి. వాటి మంచిచెడులు ఇక్కడ మన విషయం కాదు. మీ పిల్లల రసీదు మీద, సర్టిఫికెట్ మీద ఏ సంస్థ పేరు ఉందో చూసుకోండి చాలు. ప్రపంచ స్కౌట్ సంస్థలోనూ, ప్రపంచ గైడ్స్ సంస్థలోనూ మన దేశం తరఫున సభ్యత్వం ఉన్నది భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌కు.

పాఠశాలలో ఉండేది ఒక గ్రూపు. అందులో చిన్న తరగతుల అబ్బాయిలు కబ్‌లు, అమ్మాయిలు బుల్‌బుల్‌లు. పదేళ్లు నిండినవారు స్కౌట్లు, గైడ్లు. ఆరు నుంచి ఎనిమిది మందికి ఒక పెట్రోల్, కొన్ని పెట్రోల్స్‌కు ఒక ట్రూప్. ఒక ట్రూప్‌లో 32 మందికి మించి ఉండకూడదు. “ఇంకొక్కరిని చేర్చుకోండి సార్” అన్నప్పుడు మేం తటపటాయించేది అందుకే.

సభ్యుల నమోదు ఇప్పుడు సంస్థ జాతీయ కేంద్రం నడిపే ఓవైఎంఎస్ అనే ఆన్‌లైన్ వ్యవస్థలో జరుగుతుంది. ప్రతి సభ్యుడికీ ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది. రెన్యువల్ అంటే ఆ పాత సంఖ్యనే మరో ఏడాదికి కొనసాగించడం. కొత్తగా మళ్లీ చేరడం కాదు. ఇది చాలామంది గమనించని తేడా. పాత సంఖ్య దొరకలేదని కొత్తగా నమోదు చేయిస్తే, అప్పటిదాకా పిల్లవాడు పాసైన పరీక్షలన్నీ ఒక సంఖ్య కింద, ఇకపై పాసయ్యేవన్నీ మరో సంఖ్య కింద పడతాయి. రెండింటినీ కలిపించుకోవడానికి ఉత్తరాలు రాసుకుంటూ కూర్చోవాలి. వేరే ఊరి నుంచి, వేరే పాఠశాల నుంచి ఈ ఏడు మన దగ్గర చేరిన పిల్లలుంటే పాత సభ్యత్వ కార్డు గానీ, కనీసం ఆ సంఖ్య గానీ తెచ్చి ఇవ్వండి. మన దగ్గర నుంచి వెళ్లేవారు టీసీతో పాటు ఆ సంఖ్యనూ అడిగి రాసుకోండి.

ఒక ఏడాది తప్పితే

కొన్నేళ్ల కిందట మా ట్రూప్‌లో తొమ్మిదో తరగతి చదివే అబ్బాయి ఒకడుండేవాడు. పెట్రోల్ లీడర్. పాత్రలు లేకుండా వంట చేయడంలో అతనికి సాటి లేదు. కొబ్బరి చిప్పలోనూ, నారింజ తొక్కలోనూ గుడ్డు ఉడికించి పెట్టేవాడు. తృతీయ సోపాన్ దాటి రాజ్య పురస్కార్ పరీక్షా శిబిరానికి సిద్ధమయ్యాడు. శిబిరానికి వెళ్లే పిల్లల జాబితా తయారు చేస్తుంటే అతని పేరు రాలేదు. వెతికితే తెలిసింది: అంతకు ముందు ఏడాది అతని రెన్యువల్ జరగలేదు.

వాళ్ల నాన్నగారు ఫోన్ నంబర్ మార్చారు. గుర్తుచేసే మెసేజ్‌లు పాత నంబర్‌కు వెళ్లాయి. డబ్బు కట్టలేదన్న సంగతి వాళ్లకు తెలియదు. రిజిస్ట్రేషన్ అయిన జాబితాను, మైదానంలో ఉన్న పిల్లలను పక్కపక్కన పెట్టి చూడవలసింది నేను. చూడలేదు. అతను ప్రతి వారం ఎదురుగా కనిపిస్తుంటే పేరు జాబితాలో ఉండే ఉంటుందనుకున్నాను. తప్పు రెండు వైపులా ఉంది, నా వైపు కాస్త ఎక్కువే ఉంది.

ఆయన క్యాంపు ఫొటోలన్నీ పట్టుకుని వచ్చారు. “సార్, ఇదిగో, ఈ ఏడంతా మా వాడు వచ్చాడు కదా, చూడండి” అని ఒక్కొక్కటీ తీసి బల్ల మీద పెట్టారు. నిజమే, వచ్చాడు. సంబంధిత కార్యాలయానికి ఉత్తరం రాశాం, స్వయంగా వెళ్లి మాట్లాడాం. వాళ్లు మర్యాదగానే విన్నారు, కానీ గడిచిపోయిన ఏడాదికి ఇప్పుడు రెన్యువల్ చేయలేమన్నారు. మరుసటి ఏడు ప్రయత్నించమన్నారు. మరుసటి ఏడు పదో తరగతి. ఇంట్లో వద్దన్నారు, అబ్బాయి కూడా ఏమీ అనలేదు. నాకు ఇప్పటికీ గుర్తున్నది అతని మౌనమే.

ఈ మెట్ల సంగతి తెలియని తల్లిదండ్రుల కోసం రెండు మాటలు. స్కౌట్స్, గైడ్స్‌లో ప్రవేశ్‌తో మొదలై ప్రథమ, ద్వితీయ, తృతీయ సోపాన్‌లు, ఆ పైన రాష్ట్ర స్థాయిలో రాజ్య పురస్కార్, చివర రాష్ట్రపతి అవార్డు. చిన్నపిల్లలకు వేరే మెట్లు ఉంటాయి, అక్కడ పైన ఉండేది గోల్డెన్ యారో. ఒక మెట్టుకూ మరో మెట్టుకూ మధ్య ఇన్ని నెలలు పని చేసి ఉండాలన్న నియమం ఉంటుంది. పైగా వయసు పరిమితి కూడా ఉంది. అందుకే ఒక ఏడాది పోతే దాన్ని తరువాత వేగంగా పరుగెత్తి పూడ్చుకోవడం కుదరదు. ఆరో తరగతిలో మొదలుపెట్టిన పాపకు సమయం ధారాళంగా ఉంటుంది. ఎనిమిదిలో మొదలుపెట్టిన పాపకు ప్రతి నెలా లెక్కే.

క్యాంపులకూ ఇదే వర్తిస్తుంది. 2023 జనవరిలో రాజస్థాన్‌లోని పాలీ దగ్గర జరిగిన జాతీయ జాంబోరీ గానీ, 2025 జనవరి చివర తమిళనాడులోని మణప్పారైలో జరిగిన వజ్రోత్సవ జాంబోరీ గానీ, ఇలాంటి వాటికి పేర్లు పంపేటప్పుడు ముందు చూసేది ఆ ఏడాది సభ్యత్వం ఉందా లేదా అని.

ఇంకొకటి, ఎక్కువమంది అడిగేది: ఉద్యోగాల్లో ఉపయోగం ఉంటుందా? రైల్వేలో స్కౌట్స్ అండ్ గైడ్స్ కోటా ఉన్న మాట నిజం. దానికి రాష్ట్రపతి అవార్డులాంటి అర్హతతో పాటు, ఇటీవలి కాలంలో కనీసం ఐదేళ్లు చురుకైన సభ్యులై ఉండాలన్న షరతు కూడా నోటిఫికేషన్లలో కనిపిస్తుంది. ఐదేళ్లు అనేది కాగితం మీద నిరూపించవలసిన సంగతి. ఏటా చేసిన రెన్యువలే దానికి ఆధారం. కానీ ఆ పోస్టులు కొద్ది. ఆరో తరగతి పిల్లవాడిని ఉద్యోగం కోసం స్కౌట్స్‌లో చేర్పించకండి. చేరినవాడి ఏళ్లు మాత్రం లెక్కలోకి వచ్చేలా చూడండి.

పేరు దగ్గరే సగం తంటాలు

మా రెన్యువల్ జాబితాలో వెనక్కి వచ్చేవాటిలో ఎక్కువ పేరు కారణంగానే వస్తాయి. మన తెలుగు పేర్లకు, ఆన్‌లైన్ ఫారాలకు మొదటి నుంచీ పొత్తు కుదరలేదు.

మనకు ఇంటిపేరు ముందు, పిలిచే పేరు చివర. ఫారంలో మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు అని మూడు గడులు ఉంటాయి. కొందరు ఉన్నది ఉన్నట్టు ఇంటిపేరును మొదటి గడిలో పెడతారు. కొందరు నియమం ప్రకారం చివరి గడిలో పెడతారు. మొదటి వారి సర్టిఫికెట్ స్కూల్ రికార్డులో ఉన్నట్టే వస్తుంది, రెండో వారిది తిరగబడి వస్తుంది. ఏది సరైనది అని నన్ను అడిగితే, వ్యాకరణం వదిలేసి, పాఠశాల అడ్మిషన్ రిజిస్టర్‌లో ఎలా ఉందో సర్టిఫికెట్ మీద అలా అచ్చయ్యేదే సరైనది అంటాను. ఎందుకంటే రేపు పదో తరగతి మెమోకు వెళ్లేది ఆ రిజిస్టర్‌లోని పేరే.

తరువాత ఇనిషియల్. రిజిస్టర్‌లో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం. లేదా అందుకు విరుద్ధంగా. కొన్ని ఫారాలు చివరి పేరు గడిలో ఒక్క అక్షరాన్ని ఒప్పుకోవు. అప్పుడు విసుగొచ్చి నాన్నగారి పేరు పెట్టేస్తారు. ఆ ఏడాది నుంచి ఆ పాపకు కొత్త ఇంటిపేరు! నవ్వొస్తుంది కానీ ఇలాంటివి ఏటా చూస్తున్నాను. ఒక్క అక్షరం తీసుకోకపోతే ఇంటిపేరు పూర్తిగా రాయండి, వేరే పేరు మాత్రం పెట్టకండి.

స్పెల్లింగ్ సంగతి చెప్పనక్కర్లేదు. శ్రీ అనే అక్షరానికి చివర ఐ అక్షరం ఒకటి పెట్టేవారు, ఈ అక్షరాలు రెండు పెట్టేవారు ఉన్నారు. లక్ష్మిలో ఎక్స్ ఉంటుందా, కె, ఎస్, హెచ్ ఉంటాయా? స్వాతి, గీత, హర్షిత పేర్లలో టీ పక్కన హెచ్ ఉందా? తెలుగులో రాసుకుంటే రెండూ ఒకే పేరు. కంప్యూటర్‌కు ఇద్దరు మనుషులు. అపార్ నంబర్ నమోదు చేసినప్పుడు ఆధార్‌లోని పేరు, స్కూల్ రికార్డులోని పేరు కలవక ఎంతమంది తిరిగారో మీకే తెలుసు. స్కౌట్స్ సభ్యత్వానికి మీరు పెట్టే స్పెల్లింగ్ కూడా ఆ రెండింటితో కలవాలి. ఆ రెండూ ఒకదానితో ఒకటి కలవకపోతే? ముందు వాటిని సరిచేయించుకోండి. తొమ్మిదో తరగతి లోపల చేయించుకుంటే సులువు. పదో తరగతి వివరాలు బోర్డుకు వెళ్లిపోయాక ఒక్క అక్షరం మార్చాలన్నా పెద్ద పని.

నేను ఒక చిన్న పద్ధతి పెట్టుకున్నాను. ఫారం పంపే ముందు పిల్లలనే పిలిచి, తెర మీద వాళ్ల పేరును ఒక్కొక్క అక్షరం పైకి చదవమంటాను. పెద్దవాళ్లు పేరు మొత్తాన్ని ఒక్క చూపులో చూసి బాగుందంటారు. ఆరో తరగతి పిల్లలు నోట్‌బుక్ అట్ట మీద రోజూ రాసుకునేవాళ్లు కనుక తప్పు వెంటనే పట్టేస్తారు. ఇంట్లో కూడా ఇలాగే చేయండి.

తేదీ, ఫోన్, ఫొటో

పుట్టిన తేదీ గడిలో ముందు రోజా, ముందు నెలా అన్నది చూసి నింపండి. నవంబర్ 7న పుట్టిన పిల్లవాడు జూలై 11న పుట్టినవాడిగా మారితే, కబ్ నుంచి స్కౌట్‌కు మారే లెక్క నాలుగు నెలలు అటూ ఇటూ అవుతుంది. పదేళ్లు నిండిన పిల్లలు ఈ రెన్యువల్‌తో పాటే విభాగం మారవలసి ఉంటుందేమో మమ్మల్ని అడగండి. పాత విభాగంలోనే రెన్యువల్ చేసేస్తే ఒక ఏడాది చిన్నపిల్లల మెట్ల మీదే ఉండిపోతారు.

ఫోన్ నంబర్ ఇంట్లో రోజూ చూసుకునే నంబర్ అయి ఉండాలి. పైన చెప్పిన అబ్బాయి కథ అక్కడే మొదలైంది. కవలలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉన్న ఇళ్లలో ఒకే నంబర్ ఇస్తారు, తప్పులేదు. డబ్బు కట్టేటప్పుడు మాత్రం ఎవరి ఫారం తెరిచి ఉందో చూసుకోండి. ఒకరికి రెండుసార్లు కట్టి మరొకరికి మరచిపోవడం మామూలుగా జరిగేదే. ఫొటో యూనిఫాంలో, స్కార్ఫ్‌తో ఉంటే మంచిది. పెళ్లి ఫొటోలోంచి కత్తిరించినది వద్దు.

ఆధార్ అడిగితే

గుర్తింపు కోసం ఆధార్ కాపీ అడిగినప్పుడు మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. మై ఆధార్ సైట్‌లో డౌన్‌లోడ్ చేసేటప్పుడే ఆ ఎంపిక ఉంటుంది. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. ఫైల్ తెరవడానికి పాస్‌వర్డ్: ఆధార్‌లో ఉన్న పేరులోని మొదటి నాలుగు అక్షరాలు ఇంగ్లిషు పెద్ద అక్షరాల్లో, వెంటనే పుట్టిన సంవత్సరం. ఇది పిల్లవాడి పేరు, పిల్లవాడి సంవత్సరం. మీది పెట్టి తెరుచుకోవడం లేదని ఫోన్ చేసేవారు చాలామంది.

ఐదేళ్లప్పుడు ఒకసారి, పదిహేనేళ్లప్పుడు ఒకసారి వేలిముద్రలు, కనుపాప అప్‌డేట్ చేయించాలన్నది గుర్తుందా? తొమ్మిది, పది తరగతుల పిల్లల తల్లిదండ్రులు ఒకసారి చూసుకోండి.

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారంతా పిల్లలే. వారి వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలని ఆ చట్టం చెబుతోంది. ఫారం చివర ఉండే సమ్మతి గడిని చదవకుండా టిక్ చేసేయకండి. సభ్యత్వం కోసం వివరాలు ఇవ్వడం ఒకటి, మీ పాప ఫొటోను బ్రోచర్‌లోనో సోషల్ మీడియాలోనో వాడుకోవడం మరొకటి. రెండింటికీ ఒకే టిక్ ఉంటే మమ్మల్ని అడగండి. రెండోది వద్దంటే సభ్యత్వం ఆగదు.

డబ్బు కట్టేటప్పుడు

సభ్యత్వ రుసుం చిన్న మొత్తమే. అందులో జిల్లా, రాష్ట్రం, జాతీయ కేంద్రం అన్నింటికీ వాటా ఉంటుంది. యూనిఫాం, క్యాంపు ఖర్చు అందులో కలవవు; అవి వేరుగా, వేరు రసీదుతో ఉండాలి. ఒకే రసీదులో అన్నీ కలిపి “స్కౌట్స్ ఫీజు” అని ఉంటే విడదీసి చూపించమని అడిగే హక్కు మీకుంది. అడిగినందుకు ఎవరూ నొచ్చుకోకూడదు, నాతో సహా.

ఎక్కువ కంగారు పెట్టేది ఒకటుంది. ఖాతాలోంచి డబ్బు పోయింది, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది, రసీదు రాలేదు. ఆ క్షణంలో అందరూ చేసే పని వెనక్కి వెళ్లి మళ్లీ కట్టడం. దయచేసి ఆగండి. యూపీఐ యాప్‌లో ఆ చెల్లింపు తెరిచి పన్నెండు అంకెల యూటీఆర్ నంబర్ రాసుకోండి, స్క్రీన్‌షాట్ తీయండి. ఇలా దుకాణాలకు, సంస్థలకు చేసిన యూపీఐ చెల్లింపు అవతలికి చేరినట్టు ఖరారు కాకపోతే, చెల్లింపు రోజు తరువాత ఐదు రోజుల్లోగా డబ్బు దానంతటదే వెనక్కి రావాలని రిజర్వ్ బ్యాంక్ 2019లోనే నియమం పెట్టింది. అంతకు మించి ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం కూడా ఖాతాలో పడాలి. కనుక స్క్రీన్‌షాట్ మాకు పంపండి, చేరిందో లేదో మేం చూసి చెబుతాం. చేరలేదని తేలాకే మళ్లీ కట్టాలి. చివరి రోజున కాకుండా వారం ముందే మొదలుపెట్టమనేది ఇందుకే. ఐదు రోజులు ఆగే వెసులుబాటు అప్పుడు ఉంటుంది.

మోసాల గురించి కూడా చెప్పాలి. రెన్యువల్ సమయం వచ్చిందంటే “మీ అబ్బాయి సభ్యత్వం ఈ రాత్రికి రద్దు, ఈ లింక్ నొక్కండి” అనే మెసేజ్‌లు ఎవరైనా పంపవచ్చు. పిల్లల పేరు, తరగతి సరిగ్గా రాసి ఉన్నా నమ్మకండి. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులోంచి ఆ వివరాలు బయటికి వెళ్లడం కష్టమేమీ కాదు. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైల్‌ను ఇన్‌స్టాల్ చేయకండి. పాఠశాల నుంచి గానీ స్కౌట్స్ నుంచి గానీ ఎవరూ ఓటీపీ అడగరు. డబ్బు మీకు తిరిగి రావడానికి యూపీఐ పిన్ కొట్టవలసిన అవసరం ఎప్పుడూ ఉండదు. పిన్ అడిగారంటే డబ్బు మీ దగ్గర నుంచి పోతోందని అర్థం. పొరపాటున పోయిందా, సిగ్గుపడి ఆలస్యం చేయకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి.

ఖాళీగా వదిలేసే గడి

రెన్యువల్‌తో పాటు పాఠశాల ఇచ్చే ఆరోగ్య వివరాల పత్రంలో బ్లడ్ గ్రూప్, అలర్జీలు, వాడుతున్న మందులు అని ఉంటుంది. ఎక్కువమంది “ఏమీ లేదు” అని గీత గీసేస్తారు, లేదా పోయినేడాది రాసినదే మళ్లీ దింపుతారు. ఏడాదిలో పిల్లలు మారతారు. కొత్తగా కళ్లజోడు వచ్చి ఉండవచ్చు, ఆయాసానికి ఇన్‌హేలర్ మొదలుపెట్టి ఉండవచ్చు. క్యాంపులో రాత్రి పదకొండింటికి పిల్లవాడికి ఊపిరి ఆడకపోతే మా చేతిలో ఉండేది ఆ ఒక్క కాగితమే. పక్క తడుపుతాడనో, నిద్రలో నడుస్తాడనో రాయడానికి మొహమాటపడతారు. రాయడం ఇష్టం లేకపోతే నాకు విడిగా చెప్పండి, నా దగ్గరే ఉంటుంది. అమ్మాయిల సంగతులు గైడ్ కెప్టెన్ మేడంతో మాట్లాడండి.

మీ పిల్లల్ని అడిగారా?

ఫారం నింపేది మీరు, డబ్బు కట్టేది మీరు, శనివారం ఎండలో నిలబడేది వాళ్లు. రెన్యువల్ చేసే ముందు “ఈ ఏడాది కూడా ఉంటావా?” అని అడగండి. ఉండనంటే ఎందుకని అడగండి. బూట్లు బిగుతయ్యాయనీ, పెట్రోల్‌లో స్నేహితుడు వేరే బడికి వెళ్లిపోయాడనీ, క్యాంపులో భయమేసిందనీ చెబుతారు. వీటిలో చాలావాటికి మా దగ్గర మందు ఉంది. పెట్రోల్ మార్చవచ్చు, క్యాంపు ఒక ఏడు వాయిదా వేసుకోవచ్చు. నిజంగానే ఇష్టం లేదంటే ఆపేయండి. సర్టిఫికెట్ కోసం లాక్కొచ్చిన పిల్లలు ఆ మెట్లు ఎక్కరు, పక్కవాళ్లనూ ఎక్కనివ్వరు.

తొమ్మిదో తరగతికి రాగానే “ఇక చదువు” అని మాన్పించే ఇళ్లు ఎక్కువ. మీ నిర్ణయాన్ని ప్రశ్నించను. ఒక్క మాట: తృతీయ సోపాన్ వరకు వచ్చిన పిల్లవాడైతే, మాన్పించే ముందు నాతో ఒకసారి మాట్లాడండి. మిగిలిన పని ఎన్ని నెలలదో, ఎన్ని శనివారాలు పడుతుందో లెక్క వేసి చూపిస్తాను. ఆ లెక్క చూశాక వద్దనుకుంటే వద్దు. సభ్యత్వం మాత్రం ఆ నిర్ణయం అయ్యేదాకా పోగొట్టుకోకండి.

ఈ నెల పని

స్కూల్ యాప్‌లో వచ్చే ఫారంలో మీ వివరాలు చూసి, తప్పుంటే సరిచేసి పంపండి. ఓవైఎంఎస్‌లో నమోదు చేసేది గ్రూపు తరఫున మేమే. మీరు విడిగా ఆ సైట్‌లోకి వెళ్లి కొత్త ఖాతా తెరవవద్దు. నమోదు పూర్తయ్యాక ఈ ఏడాది జాబితాను స్కౌట్ గది తలుపు మీద అంటిస్తాం. పిల్లల పేరు, సభ్యత్వ సంఖ్య ఉంటాయి, మరే వివరమూ ఉండదు. మీ పిల్లలనే చూసుకోమనండి, ఒక్కొక్క అక్షరం చదువుకోమనండి. పేరు లేకపోతే మరుసటి శనివారం దాకా ఆగకుండా అదే రోజు వచ్చి చెప్పమనండి. శనివారం ట్రూప్ మీటింగ్ అయ్యాక సాయంత్రం ఆరు వరకు అక్కడే ఉంటాను.